మీ ప్రశ్న, టీచరు జవాబు: రెండున్నరేళ్ల పాపతో కాబ్వే వెళ్లొచ్చా?

ప్రశ్న: టీచరు గారూ, నమస్కారం. మాది ఖమ్మం. మా వారికి జాంబియాలో కాబ్వే అనే ఊళ్లో అకౌంట్స్ ఉద్యోగం వచ్చింది. ఆయన వెళ్లి మూడు నెలలైంది. వచ్చే నెల నన్నూ, మా పాపనూ రమ్మంటున్నారు. పాపకు రెండున్నరేళ్లు. అక్కడి ఇంటి ఫోటోలు పంపారు. పెద్ద వాకిలి, మామిడి చెట్టు, ఎర్రమట్టి. చూడగానే మనసు పడిపోయింది. తీరా ఊరి పేరు ఫోన్‌లో వెతికితే, సీసం విషం ప్రపంచంలో బాగా ఎక్కువున్న ఊళ్లలో అదొకటని వచ్చింది. అప్పట్నుంచి టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. మా వారిని అడిగితే "గని మూతపడి ముప్పై ఏళ్లయింది, నాకేం కాలేదు కదా" అంటున్నారు. మా అత్తగారేమో "అక్కడ పిల్లలు పెరగట్లేదా?" అంటారు. మీరు ఒకప్పుడు ఆ ఊళ్లో పాఠాలు చెప్పారని ఇదివరకు ఈ శీర్షికలోనే రాశారు. పాపను తీసుకెళ్లొచ్చా? అక్కడ నర్సరీలో వేయొచ్చా?
– పేరు వద్దన్న సోదరి, ఖమ్మం

జవాబు: అమ్మా, ముందు జవాబు చెప్పేస్తాను. వచ్చే నెల వద్దు. ఇల్లు సరిగ్గా ఏ పేటలో ఉందో, గనికి ఏ దిక్కున ఉందో తెలుసుకున్నాక, వాకిట్లో మట్టి పరీక్ష చేయించాక, అప్పుడు ఆలోచిద్దాం. ఇల్లు కసాండా, మకులులు, చోవా అనే పేటల్లో ఉంటే మాత్రం ఆలోచించాల్సింది కూడా ఏమీ లేదు. పాపతో ఆ ఇంటికి వెళ్లొద్దు. ఇల్లు మార్చమని మీ వారికి చెప్పండి. అది కుదరకపోతే మీరు రాజధాని లుసాకాలో ఉండండి, ఆయన వారానికోసారి వచ్చి వెళ్తారు. మధ్యలో దూరం సుమారు 140 కిలోమీటర్లు.

నేనూ, మా వారూ 1987లో టీచర్లుగా కాంట్రాక్టు మీద కాబ్వే వెళ్లాం. ఐదేళ్లున్నాం. మా అబ్బాయికి అప్పుడు నాలుగేళ్లు. ఆ ఊరంటే నాకు ఇప్పటికీ ఇష్టమే. ఊరి మధ్యలో ఒక పెద్ద మర్రిలాంటి చెట్టుంది. దాన్ని బిగ్ ట్రీ అంటారు. దాని నీడన సంతకు సంత కూర్చోవచ్చు. ఊరి పాత పేరు బ్రోకెన్ హిల్. ఆ గనిలోనే 1921లో ఆదిమానవుడి పుర్రె ఒకటి దొరికింది. అది ఇప్పుడు లండన్ మ్యూజియంలో ఉంది. ఈ సంగతి క్లాసులో చెబితే పిల్లల కళ్లు మెరిసేవి. మన ఊళ్లో దొరికింది మన ఊళ్లో ఎందుకు లేదు టీచర్ అని అడిగేవారు.

అక్కడ సీసం, జింకు ఖనిజం ఉందని 1902లో కనిపెట్టారు. ఆ తర్వాత 1994 దాకా తవ్వారు. తవ్వడమొకటే కాదమ్మా, ఖనిజాన్ని కరిగించే కొలిమి కూడా ఊరి పక్కనే. పొగతోపాటు సీసం సన్నటి పొడిలా లేచి ఇళ్ల మీద, చెట్ల మీద, వాకిళ్ల మీద పడేది. అక్కడ గాలి ఎక్కువగా తూర్పు నుంచి వీస్తుంది. అందుకే గనికి పడమటి వైపున్న కసాండా, మకులులు పేటల మీద ఎక్కువ పడింది. చోవా గనికి మరీ దగ్గర. మీ ఇల్లు ఏ దిక్కున ఉందో అడగమన్నది ఇందుకే.

మీకు చెప్పక తప్పని సంగతి ఇంకొకటుంది. మా బడిలో పొద్దున్నే ప్రార్థనకు ముందు పిల్లలే ఆవరణ ఊడ్చేవారు. నడుం వంచి, పొడుగాటి గడ్డి చీపుర్లతో, వరసలో నిలబడి. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా అక్కడ చినుకు అరుదు, నేల పిండిలా ఉంటుంది. ఎండ ఏటవాలుగా పడుతున్నప్పుడు ఆ దుమ్ము బంగారం పొడిలా మెరిసేది. పిల్లల రెప్పలకు అంటుకునేది. ఊడ్చిన నేల మీద చీపురు గీతలు సమంగా కనిపించాలి. అలా కనిపిస్తే ఆ క్లాసుకు శుభ్రత మార్కులు. ఆ మార్కులు వేసింది నేనే. ఊడ్చాక పిల్లలు చేతులు నిక్కర్లకు తుడుచుకుని క్లాసులోకొచ్చేవారు. విరామంలో అవే చేతులతో కాల్చిన మొక్కజొన్న కండె తినేవారు. కొళాయి ఉండేది. నీళ్లు వచ్చేది ఎప్పుడో.

ఎనిమిదో తరగతిలో ఒక అబ్బాయి ఉండేవాడు. ఇల్లు కసాండాలో, తండ్రి గనిలో పని. కిటికీ పక్క బెంచీ. ఈరోజు నేర్చుకున్నది రేపటికి ఉండేది కాదు. మూలకాల చిహ్నాలు పదిసార్లు చెప్పించినా పదకొండోసారి తెల్లమొహం వేసేవాడు. వారానికి రెండుసార్లైనా కడుపు నొప్పంటూ పొట్ట పట్టుకునేవాడు. బద్ధకమనుకున్నాను. నిలబెట్టాను. ఒకసారి అందరి ముందూ అనకూడని మాట అన్నాను. ఆ రోజు పాఠం సీసమే. చిహ్నం పీబీ, లాటిన్‌లో ప్లంబం, మెత్తటి లోహం, బరువైనది, నీళ్ల గొట్టాలకు వాడేవారు అని బోర్డు మీద రాసి చెప్పాను. ఆ కిటికీలోంచి చూస్తే గని పొగగొట్టం కనిపించేది.

ఆ అబ్బాయి రక్తం ఎవరూ పరీక్షించలేదు. కాబట్టి అతని మతిమరుపు సీసం వల్లేనని నేను చెప్పలేను. ఆ లక్షణాలన్నీ సీసానివని మాత్రం తర్వాత చదువుకున్నాను. జ్ఞాపకం నిలవకపోవడం, కుదురుగా కూర్చోలేకపోవడం, కడుపు నొప్పి, మలబద్ధకం, రక్తం తగ్గి పాలిపోవడం. సైన్సు టీచరుగా ఇవి ముందే తెలిసి ఉండాల్సింది నాకు. మాకు ఎవరూ చెప్పలేదు. కానీ నేనూ అడగలేదు.

ఇప్పుడు మీ అత్తగారి మాటకొస్తాను. అక్కడ పిల్లలు పెరుగుతున్నారు. ఎలా పెరుగుతున్నారన్నది లెక్క ఉంది. జపాన్‌లోని హొక్కైడో యూనివర్సిటీ, జాంబియా యూనివర్సిటీ పరిశోధకులు కలిసి చోవా, కసాండా, మకులులు పేటల్లో ఏడేళ్లలోపు పిల్లలు 246 మంది రక్తం పరీక్షించారు. 2015లో అది అచ్చయింది. డెసిలీటరు రక్తంలో 5 మైక్రోగ్రాముల సీసం ఉంటేనే, అది ఎక్కణ్నుంచి వస్తోందో వెతికి ఆపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. పిల్లల్లో 45 దాటితే మందు మొదలుపెట్టాలి. ఆ 246 మందిలో 5 లోపు ఉన్న పిల్ల ఒక్కతీ లేదు. కొందరికి 150 దాటింది. 427 ఉన్న బిడ్డ కూడా ఉంది. ఇంత ఉండీ ఆ పిల్లలు బడికెళ్తారు, బంతి ఆడతారు, నవ్వుతారు. బయటికేమీ కనిపించదు. మీ వారు "నాకేం కాలేదు కదా" అనుకోవడానికి అదే కారణం.

ఇంతకంటే తక్కువైతే ఫరవాలేదు అనే అంకె సీసానికి లేదు. ఇంకో ముఖ్యమైన సంగతి, మీ వారికీ మీ పాపకూ పోలిక పెట్టకూడదు. పెద్దవాళ్లు మింగిన సీసంలో కొంచెమే ఒంట్లోకి పోతుంది. చిన్నపిల్లల ఒంట్లోకి అంతకు నాలుగైదు రెట్లు పోతుంది. శరీరం దాన్ని కాల్షియం అనుకుని ఎముకల్లో దాచుకుంటుంది. రక్తంలో ఉన్నది కొన్ని వారాలకు తగ్గుతుంది గానీ ఎముకల్లో చేరింది ఏళ్ల తరబడి ఉంటుంది. ఆడపిల్ల పెరిగి గర్భవతి అయ్యాక ఎముకల్లోంచి మళ్లీ రక్తంలోకి వచ్చి కడుపులో బిడ్డకు చేరుతుంది. మెదడుకు జరిగిన నష్టాన్ని ఏ మందూ వెనక్కి తీసుకురాలేదు.

మీ పాప వయసే అసలు ప్రమాదమైన వయసు. నేల మీద పాకి, పడి, లేచి, ఆ చెయ్యి నోట్లో పెట్టుకునే వయసు. మట్టి తినని బిడ్డ మన ఊళ్లో మాత్రం ఎవరున్నారు? మన దగ్గర నులిపురుగులొస్తాయని భయపడి నోరు కడుగుతాం. అక్కడ ఆ మట్టితో వచ్చేది వేరు. మీరు మళ్లీ తల్లి కాబోతుంటే అదీ చెప్పండి. అక్కడ గర్భిణులు చెదపుట్ట మట్టి తింటారు, మన వైపు కొందరు పుట్టమన్నూ బలపాలూ తిన్నట్టే. కాబ్వేలో ఆ అలవాటు కడుపులో బిడ్డకు చాలా చేటు.

ఇవన్నీ చూసుకున్నాక, గనికి దూరంగా, గని మీదుగా గాలి రాని దిక్కున ఇల్లు దొరికి వెళ్లాలనే నిర్ణయించుకుంటే ఈ పనులు చేయండి.

బయల్దేరే ముందే హైదరాబాద్‌లో పాపకు బ్లడ్ లెడ్ లెవెల్ పరీక్ష చేయించండి. పెద్ద ల్యాబుల్లో చేస్తారు. ఇప్పటి అంకె కాగితం మీద ఉంటే, వెళ్లిన మూడు నెలలకు మళ్లీ చేయించినప్పుడు పెరిగిందో లేదో తెలుస్తుంది. అక్కడ వేలి కొసన సూదితో గుచ్చి చిన్న మిషన్‌లో చూసే పరీక్ష ఉంది. దానికి ముందు పాప చేతులు సబ్బుతో బాగా రుద్ది కడగాలి. లేకపోతే వేలి మీది దుమ్మే రక్తంలో కలిసి అంకె ఎక్కువ చూపిస్తుంది. ఎక్కువ వస్తే చేతి నరం నుంచి తీసిన రక్తంతో మళ్లీ చూడమనండి. రక్తహీనత పరీక్ష కూడా కలిపి చేయించండి. ఒంట్లో ఐరన్ తక్కువుంటే సీసం ఎక్కువ పడుతుంది. పాలు, రాగిజావ, గుడ్డు, పప్పు వేళకు పెట్టండి. ఖాళీ కడుపుతో ఆడుకోనివ్వకండి.

ఇంట్లో పొడి చీపురు పట్టొద్దు. నేను చేసిన తప్పు మీరు చేయకండి. తడిగుడ్డతో తుడవండి, ఆ గుడ్డ ఉతికిన నీళ్లు వాకిట్లో పారబోయకండి. కిటికీ గట్లు రోజూ తుడవాలి, దుమ్ము అక్కడే కూర్చుంటుంది. మనవాళ్లకు చెప్పులు గుమ్మం బయట విడిచే అలవాటుంది, దాన్ని అక్కడా వదలకండి. వచ్చే చుట్టాలకూ చెప్పండి, మొహమాటపడకండి. మీ వారి పని గని దిక్కున ఉంటే ఆయన ఇంటికి రాగానే స్నానం చేసి, బట్టలు మార్చాకే పాపను ఎత్తుకోవాలి. పాప బట్టలతో కలిపి ఆయన బట్టలు ఉతకొద్దు.

ఆ ఫోటోలోని ఎర్రమట్టి వాకిలి చూసి మీరు మురిసిపోయారు. నేనూ అలాగే మురిశాను. గోంగూర విత్తనాలు తీసుకెళ్లి అందులోనే వేశాను. మీరు అలా చేయకండి. మట్టి పరీక్షలో తేలేదాకా ఆ వాకిట్లో ఆకుకూర వేయొద్దు. అమెరికాలో పిల్లలు ఆడే నేలలో కిలో మట్టికి 400 మిల్లీగ్రాములు దాటితే ప్రమాదమని చాలాకాలం అన్నారు, 2024లో దాన్ని 200కు దించారు. కాబ్వేలో గని పక్క పేటల మట్టిలో అది వేలల్లో ఉంది. నేల ఖాళీగా కనబడకుండా గడ్డి పెంచితే, బండలు పరిపిస్తే దుమ్ము లేవదు. ఇంకొకటి, వీధుల్లో తిరిగే కోళ్లు మట్టిలోనే ఏరుకు తింటాయి. అక్కడి నాటుకోళ్ల కార్జంలో, మూత్రపిండాల్లో సీసం బాగా ఉందని అవే యూనివర్సిటీల వాళ్లు తేల్చారు. మనం కార్జం పిల్లలకు మంచిదని ఏరి పెడతాం. అక్కడ పెట్టొద్దు.

నర్సరీ సంగతి. ఫీజు, ఇంగ్లీషు, యూనిఫాం అన్నీ తర్వాత. స్వయంగా వెళ్లి ముందు ఆటస్థలం చూడండి. నేల గడ్డితోనో సిమెంటుతోనో కప్పి ఉందా, మట్టి తేలి ఉందా? తినే ముందు పిల్లలు చేతులు కడుక్కోవడానికి నీళ్లొచ్చే కొళాయి, సబ్బు ఉన్నాయా? గదులు ఊడుస్తారా, తుడుస్తారా? పిల్లల్ని ఎప్పుడైనా సీసం పరీక్షకు పంపారా? చివరి ప్రశ్న అడిగినప్పుడు హెడ్ టీచరు నొచ్చుకుంటే మీరు నొచ్చుకోకండి. చాలా బళ్లలో వాళ్లకు దుమ్ము గురించి తెలుసు, నేల పరిపించే డబ్బు ఉండదు. అలాంటి హెడ్ టీచరు మీ ప్రశ్నకు సంతోషిస్తారు కూడా.

మీకు వెళ్లకుండా ఉండే వీలుంది. కసాండాలో ఆ వీలు లేని తల్లులు వేలల్లో ఉన్నారు. ఇల్లు వాళ్లదే, పోయే చోటు లేదు. ఆసుపత్రిలో మందిచ్చి బిడ్డను మళ్లీ అదే వాకిట్లోకి పంపితే అంకె మళ్లీ పెరుగుతుంది. మీరు వెళ్తే, మీ ఇంట్లో పనికొచ్చే అమ్మాయి బిడ్డ ఎక్కడ ఆడుకుంటోందో కూడా అడగండి. మీ పాప పరీక్షకు వెళ్లిన రోజు ఆ బిడ్డనూ వెంట తీసుకెళ్లండి.

ఇంటి చిరునామా, దగ్గర్లో ఏముందో మీ వారిని అడిగి మళ్లీ రాయండి. ఊరి పటం నా దగ్గర ఇప్పటికీ ఉంది. ఏ దిక్కో చూసి చెప్తాను.


ప్రశ్న: మేడం, నేను డిగ్రీ రెండో ఏడు కెమిస్ట్రీ చదువుతున్నాను. ఆఫ్రికాలో మూతపడ్డ గనుల గురించి సెమినార్ ఇవ్వాలి. గని మూసేసినా విషం ఎందుకు పోదు? శుభ్రం చేయడం నిజంగా సాధ్యమేనా? ఆ ఖర్చు ఎవరు భరించాలి? మా జిల్లాలోనూ బండ్లమోటు దగ్గర సీసం గని ఉండేది.
– ఒక విద్యార్థి, నరసరావుపేట

జవాబు: బాబూ, సీసం మూలకం. కుళ్లదు, కాలి మాయమవదు, ఇంకోటిగా మారదు. చాలా పురుగుమందులైతే ఎండకూ వానకూ కొన్నాళ్లకు విరిగిపోతాయి. సీసం పడ్డచోటే పైపొరలో ఉండిపోతుంది. గాలి లేస్తే లేస్తుంది, మళ్లీ పడుతుంది. కాబ్వేలో దీనికి తోడు గని చెత్త గుట్టలుగా ఉంది. అందులో ఒకదాన్ని బ్లాక్ మౌంటెన్ అంటారు. బతుకుతెరువు లేనివాళ్లు ఆ గుట్టను చిన్న పారలతో తవ్వి, మిగిలిన సీసం, జింకు ఏరుకుని అమ్ముకుంటారు. చెత్తలోంచి లోహం తీయడానికి ప్రభుత్వం కంపెనీలకు లైసెన్సులూ ఇచ్చింది. గని 1994లో మూతపడిందన్న మాట కాగితాల వరకే నిజం.

శుభ్రం చేయడం సాధ్యమే. సెమినార్‌లో నువ్వు నైజీరియాలోని జంఫారా రాష్ట్రం గురించి తప్పకుండా చెప్పు. అక్కడ పల్లెల్లో బంగారం రాయి తవ్వేవారు. ఆ రాయిలో సీసం బాగా ఉంది. పిండి మరల్లోనే రాయి ఆడించేవారు, ఇళ్ల వాకిళ్లలోనే దంచేవారు, కడిగేవారు. 2010లో చిన్నపిల్లలు ఫిట్స్ వచ్చి వరసగా చనిపోతుంటే ఊళ్లవాళ్లు మలేరియా అనుకున్నారు. డాక్టర్స్ వితౌట్ బోర్డర్స్ అనే వైద్య సేవా సంస్థ వాళ్లు రక్తం పరీక్షకు పంపితే సీసం బయటపడింది. నాలుగు వందల మందికి పైగా పిల్లలు పోయారు.

అక్కడ వాళ్లు పట్టుబట్టిన పద్ధతి చూడు. ముందు నేల, తర్వాత మందు. వాకిళ్లలో పైపొర మట్టి గీకి తీసి, దూరంగా గోతిలో పూడ్చి, మంచి మట్టి తెచ్చి పరిచారు. ఊరు అలా శుభ్రమయ్యాకే పిల్లలకు సీసాన్ని బయటికి లాగే మందు, సక్సిమర్, మొదలుపెట్టారు. ఎందుకంటే విషపు వాకిట్లోకి తిరిగి వెళ్లే బిడ్డకు మందివ్వడం వృథా. బాగేగా అనే పెద్ద ఊరు మాత్రం ప్రభుత్వ డబ్బు రాక ఆగిపోయింది. 2013లో శుభ్రం చేశారు. అప్పటిదాకా అక్కడి పిల్లలు మందు కోసం ఎదురుచూస్తూనే ఉన్నారు. ఆ ఎదురుచూపు గురించి చదివినప్పుడు నాకు కోపం ఆగలేదు. పారలు, మట్టి, కూలీలు, లారీలు. కావలసింది ఇంతే కదా!

ఖర్చు ఎవరిదన్నది ఇంకా తేలలేదు. కాబ్వే తల్లీపిల్లలు సుమారు లక్షా నలభై వేల మంది తరఫున 2020 అక్టోబరులో జోహానెస్‌బర్గ్ హైకోర్టులో దావా పడింది. ఆంగ్లో అమెరికన్ అనే గనుల కంపెనీ దక్షిణాఫ్రికా విభాగం 1925 నుంచి 1974 దాకా ఆ గని వ్యవహారాల్లో ఉందని, అప్పుడే ప్రమాదం తెలిసినా ఆపలేదని వాళ్ల వాదన. గని తమది కాదని, ఆ తర్వాత ఇరవై ఏళ్లు దాన్ని నడిపింది జాంబియా ప్రభుత్వ సంస్థేనని, బాధ్యత తమది కాదని కంపెనీ అంటోంది. అందరి తరఫున ఒకే కేసుగా నడపడానికి 2023 డిసెంబరులో కోర్టు ఒప్పుకోలేదు. దాని మీద అప్పీలు చేశారు. ఇవాళ్టి పసివాడి ఒంట్లోని విషానికి దశాబ్దాల నాటి కాగితాలు వెతకాల్సి రావడం ఎంత అన్యాయమో నువ్వే ఆలోచించు.

ఈలోగా జాంబియా ప్రభుత్వం 2016లో ప్రపంచ బ్యాంకు నుంచి 6 కోట్ల 56 లక్షల డాలర్లు తీసుకుంది. కాబ్వేతో పాటు రాగి గనుల ప్రాంతంలోనూ మట్టి, కాలువ శుభ్రం, పిల్లలకు పరీక్షలు, మందులు ఆ డబ్బులోంచే. అది అప్పు బాబూ. తీర్చేది జాంబియా ప్రజలు. ఈ ఒక్క వాక్యం నీ సెమినార్‌లో మరిచిపోకు.

బండ్లమోటు గురించి అడిగావు. గని కంటే కొలిమి ఊరికి ఎక్కువ చేటు, గని చెత్త గాలికీ వానకూ తెరిచి ఉంటే అది రెండోది. ఆ చెత్త ఎక్కడ పోశారో, మీద మట్టి కప్పారో లేదో, దగ్గర్లో బడి ఉందో లేదో నువ్వే వెళ్లి చూడు. బడి ఉంటే ఆటస్థలం మూలల్లో, మధ్యలో పైపొర మట్టి విడివిడిగా సంచుల్లో తీసి, మీ కాలేజీ ద్వారా పరీక్షకు పంపించు. వచ్చిన అంకెలు నాకూ రాయి.


ప్రశ్న: మా తమ్ముడు జాంబియాలోనే కిట్వేలో ఉంటాడు. 2025లో నదిలో గని విషం కలిసిందన్నారు. నీళ్లు కాచి తాగుతున్నామంటాడు. అది చాలా?
– రిటైరైన ఉద్యోగి, కరీంనగర్

జవాబు: చాలదండీ. 2025 ఫిబ్రవరి 18న చాంబిషి దగ్గర రాగి గని వ్యర్థాల చెరువు కట్ట తెగి, మొదట చెప్పిన లెక్కన సుమారు 5 కోట్ల లీటర్ల ఆమ్లపు నీళ్లు వాగులోకి, అక్కణ్నుంచి కఫూయే నదిలోకి పోయాయి. చేపలు చచ్చి తేలాయి, ఒడ్డున మొక్కజొన్న మాడిపోయింది. ఏడు లక్షల మంది ఉన్న కిట్వేకు కొళాయి నీళ్లు ఆపేశారు. ఆమ్లం విరగడానికి విమానాల్లోంచి, పడవల్లోంచి నదిలో సున్నం పోశారు.

సున్నంతో పులుపు విరుగుతుంది, లోహాలు చాలావరకు కింద పేరుకుంటాయి. పోవు. నీళ్లు పెరిగి అడుగు కదిలితే మళ్లీ పైకొస్తాయి. కాచడం వల్ల క్రిములు చస్తాయి. లోహాలకు కాచడంతో పని లేదు, పైగా నీళ్లు ఆవిరైపోయి మిగిలిన దాంట్లో అవి ఇంకాస్త చిక్కబడతాయి. మీ తమ్ముడి ఇంటికి నీళ్లు ఎక్కణ్నుంచి వస్తున్నాయో కనుక్కోమనండి. ఇంటి బోరైతే నదికి ఎంత దూరమో చూసి, లోహాల పరీక్ష విడిగా చేయించమనండి. మామూలు పరీక్షలో ఉప్పు, క్రిములే చూస్తారు. ఆ కాగితం వచ్చేదాకా పిల్లలకు తాగడానికి, వండడానికి పెద్ద డబ్బా నీళ్లు కొనమనండి. స్నానానికి, గిన్నెలకు కొళాయి నీళ్లే వాడుకోవచ్చు. నది చేపలు మాత్రం ప్రస్తుతానికి మానేయమనండి.